ఆనపకాయా? అనపకాయా?

గోదావరి జిల్లా పిల్ల ఒకతె చిత్తూరు జిల్లా కోడలై వెళ్ళిందనుకోండి. వెళ్ళిన కొత్తలో మామగారు సంచీ పట్టుకుని సంతకు బయలుదేరుతూ, ఏం తేవాలమ్మా అని అడుగుతాడు. "ఆనపకాయ తెండి మామయ్యగారూ, పాలుపోసి కూర వండుతాను" అంటుందా పిల్ల. కొత్తకోడలు నోరు తెరిచి అడిగిన మొదటి సరుకు గదా! ఆ పెద్దమనిషి సంతంతా తిరిగి, ఏరి ఏరి, రెండు కిలోల అనపకాయలు మోసుకొస్తాడు. సంచీ బోర్లిస్తే చాపనిండా చిక్కుడు జాతి కాయలు! ఒలిచి, నానబెట్టి, పితికి, పితకపప్పు చేసుకునే సరుకది. ఆ పిల్ల అడిగింది మామగారు తన జన్మలో సొరకాయ తప్ప మరో పేరుతో పిలవని వస్తువును. తేడా అల్లా ఒక్క దీర్ఘం.

ఇంట్లో అయితే నవ్వుకుంటారు; అత్తగారు పితకపప్పు ఎలా చేయాలో కోడలికి నేర్పుతుంది; కథ సుఖాంతం. కాని అదే పొరపాటు నాలుగు జిల్లాలలో దుకాణాలున్న వర్తకుడి కంప్యూటర్‌లో జరిగితే నవ్వేవాళ్ళెవరూ ఉండరు. కంప్యూటర్‌కు సందేహం రాదు. ఏమండీ, కాయ పొడుగ్గా ఉంటుందా, గింజలు పెద్దవా అని అడగదు. ఏది రాస్తే అదే నిజం దానికి.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. లోగడ ఒకనాడు కట్టెడు కాగితాలు చంకన పెట్టుకుని వచ్చి, "మావయ్యా, తెలుగు ఎం.ఏ. చదివినందుకు నీతో ఇన్నాళ్ళకు పని పడింది" అన్నాడు. మాటలో కొంత ఎత్తిపొడుపు ఉన్నా కాగితాలు చూసేసరికి నాకూ ఉత్సాహం పుట్టింది. సంగతేమిటంటే, కిరాణా వ్యాపారం చేసే మూడు సంస్థలు కలిసి ఒకటయ్యాయి. ఒకదాని దుకాణాలు కోస్తాలో ఉన్నాయి, ఒకదానివి కర్నూలు, అనంతపురం వైపు, ఒకదానివి వరంగల్లు చుట్టుపక్కల. మూడింటికీ లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్లు వేరు వేరు. ఇప్పుడు మూడూ పోయి ఒక్కటే రావాలి. సాఫ్ట్‌వేర్ కొనడం కష్టం కాదు, డబ్బు పారేస్తే వస్తుంది. మూడు సరుకుల పట్టీలను కలిపి ఒక్క పట్టీ చేయడం దగ్గరే పీట ముడి పడింది.

వాళ్ళ భాషలో దీన్ని ఐటం మాస్టర్ అంటారు. షావుకారు కొట్లో వెనకటి గుమాస్తా మనసులో ఉండే పట్టీయే ఇది. దుకాణంలో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ఒక పేరు, అమ్మే కొలత, పెట్టెకు ఎన్ని పొట్లాలో ఆ లెక్క, పన్ను ఎంత, ఎవరి దగ్గర కొంటాం, ఇవన్నీ ఒక్కొక్క వరసలో ఉంటాయి. కొనుగోలు, అమ్మకం, నిల్వ, పన్ను, అన్ని పద్దులూ ఈ వరసను చూసే నడుస్తాయి. ఇక్కడ తప్పుంటే మిగతా చోట్ల ఎంత శ్రద్ధగా రాసినా తప్పే.

ఆ కాగితాలలో ఒక్క వేరుశనగ సంగతి చెబుతాను. కోస్తా పట్టీలో "వే.శ. గుళ్ళు". అనంతపురం దుకాణం వారిది "చెనిక్కాయ గింజలు". కర్నూలు వారు "బుడ్డలు". వరంగల్లు వారు "పల్లీలు". పైగా తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టడం మనవాళ్ళకు అలవాటు కనుక చెనిక్కాయ ఒక్కదానికే ఐదు రకాల వర్ణక్రమం కనిపించింది. ఎవరో తొందర మనిషి "పల్లీ కొత్త" అని మరో వరస చేర్చాడు. కొత్త అంటే ఆ ఏటి పంటో, కొత్త బస్తానో, కొత్త వరసనో ఆయనకే తెలియాలి. మనకు ఒక్క సరుకు. యంత్రానికి తొమ్మిదో పదో సరుకులు. ఒక ఊళ్ళో గింజలకు పురుగు పడుతుంటే పక్క ఊళ్ళో నిల్వ లేదని కొత్తగా కొంటున్నారు. రెండు పద్దులూ ఒకే సరుకువని చెప్పే దిక్కు ఆ పట్టీలో లేదు.

ఇది మన చిల్లర కొట్ల అవకతవక అనుకునేరు. నెస్లే వారంటే కాఫీపొడి, పాలపొడి, చాక్లెట్లు ప్రపంచమంతటా అమ్మే స్విట్జర్లాండు కంపెనీ. అమెరికాలో వారు అంతవరకు కొంటూ వచ్చిన రకరకాల సంస్థలను 1991లో ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. గొడుగు ఒకటే గాని కింద ఎవరి కాపురం వారిదే. 1997లో లెక్కలు తిరగేసి చూసుకుంటే, ఒకే వ్యాపారి దగ్గర వెనిల్లాను 29 వేరు వేరు ధరలకు కొంటున్నట్టు తేలింది! ప్రతి కర్మాగారం వెనిల్లాకు తన ఇష్టం వచ్చిన పేరో నంబరో పెట్టుకుంది. పేర్లు కలవవు గనుక ధరలు పోల్చి చూసుకునే దారి లేదు. అమ్మేవాడు మాత్రం ఎవరి దగ్గర ఎంత రాబట్టగలిగితే అంత రాబట్టుకున్నాడు. ఇందులో అతని తప్పేముంది చెప్పండి? మన పద్దులు అంత చక్కగా ఉంటే మన కూరగాయల మనిషి మాత్రం ఊరుకుంటుందా? ఖర్చు రాసే తొమ్మిది పెద్ద ఖాతాలు, సరుకు కోసం వచ్చిన ఆర్డర్లు నమోదుచేసే ఇరవై ఎనిమిది ద్వారాలు ఆ ఒక్క కంపెనీలోనే ఉండేవట.

కాబట్టి ఒకే వస్తువుకు పది పేర్లుంటే పోయేది డబ్బు. ఒకే పేరుకు రెండు వస్తువులుంటే అంతకంటె ప్రమాదం. మొదటి రకం తప్పును వెతికి పట్టుకోవచ్చు. రెండో రకం పైకి ఎంతో పొందికగా, అచ్చం ఒప్పులా కనిపిస్తుంది. మా వాడి కింద పనిచేసే కుర్రవాళ్ళు, అక్షరాలు దగ్గరగా ఉన్న పేర్లన్నిటినీ కలిపేసే ప్రోగ్రాం ఒకటి రాశారు. అది మొదటి రాత్రే ఆనపకాయను, అనపకాయను ఒక వరసలో కట్టేసింది. ఎర్రగడ్డ అన్నది కూడా దానికి అంతుపట్టలేదు. రాయలసీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి, ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప. తెలంగాణాలో ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. గడ్డలన్నీ ఒక తట్టలో పోస్తే ఏమవుతుందో గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. పైగా హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట పేరు. సరుకు ఏ దుకాణానికి పోవాలో రాసే గడిలో ఒకచోట అది కూడా వచ్చి కూర్చుంది!

పేరుకంటె మోసకారి కొలత. మన పెద్దవాళ్ళకు మణుగు అంటే ఎనిమిది వీశెలు. మద్రాసు లెక్కన అది 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైచిల్లర. ఉత్తరదేశంలో, రైళ్ళలో వాడిన బెంగాలు మణుగు 82 పౌన్ల పైమాటే, 37 కిలోలు. మాట ఒకటే, బరువు మూడింతలు. అందుకే 1956లో తూనికలు, కొలతల చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా మెట్రిక్ పద్ధతి ప్రవేశపెట్టి, 1962 ఏప్రిల్ నుంచి కిలోగ్రాము తూనికను తప్పనిసరి చేశారు. సోల, తవ్వ, మానిక, కుంచం, వీశె, శేరు తరాజులోంచి దిగిపోయాయి. నాకు ఆ మాటల మీద మమకారం ఉన్నా, బీద రైతు మణుగు కింద ఏ మణుగు ఇస్తున్నాడో తెలియని రోజులు తిరిగి రావాలని మాత్రం కోరను.

కిలోగ్రాములు వచ్చాక కూడా కొలత తగాదా పూర్తిగా తీరలేదు. మా మేనల్లుడి పట్టీలో అగ్గిపెట్టెల దగ్గర ఒకరు పెట్టెలలో లెక్క రాశారు, ఒకరు డజన్లలో, ఒకరు పెద్ద కట్టలలో. కలిపినప్పుడు నలభై ప్లస్ నలభై ప్లస్ నలభై, నూట ఇరవై అని యంత్రం సంతోషంగా చెప్పింది. ఏవి నూట ఇరవై? గడి ఖాళీగా వదిలితే పాత సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు గనుక కొందరు బరువు తెలియని సరుకులన్నిటికీ "1" అని నింపి చేతులు దులుపుకున్నారు. ఆ లెక్కన వంటనూనె డబ్బా బరువూ ఒకటే, వక్కపొడి పొట్లం బరువూ ఒకటే.

నవ్వవచ్చు గాని, టార్గెట్ అనే అమెరికా వర్తక సంస్థ కెనడాలో ఈ దెబ్బే తిన్నది. 2013లో అక్కడ దుకాణాలు తెరిచి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో వేలాది సరుకుల వివరాలను హడావుడిగా ఎక్కించింది. కొన్నిటికి సెంటీమీటర్లు రాయవలసిన చోట అంగుళాలు రాశారు. కొన్నిటికి పొడుగు, వెడల్పు తారుమారయ్యాయి. పెట్టెకు ఎన్ని వస్తువులో ఆ లెక్క తప్పింది. గిడ్డంగులు సరుకుతో కిక్కిరిసిపోతుంటే దుకాణాలలో అరలు ఖాళీగా ఉండేవి. వచ్చిన జనం ఒకసారి చూసి రెండోసారి రావడం మానేశారు. 2015 జనవరిలో మొత్తం 133 దుకాణాలనూ మూసివేస్తున్నామని ప్రకటించారు. నష్టానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, కాదనను. ధరలు ఎక్కువన్నారు, స్థలాలు బాగులేవన్నారు. కాని అరలు ఖాళీగా ఉన్నందుకు మూలం ఆ పట్టీలోనే ఉన్నది. పదిహేడు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి.

"ఇంత గొడవెందుకు? పొట్లం మీద నల్లగీతలుంటాయి గదా, వాటిని చూసి కలపరాదూ?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్న. ఆ గీతలను దుకాణంలో మొట్టమొదట యంత్రంతో చదివింది 1974 జూన్ 26న, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు ట్రాయ్ అనే ఊళ్ళో. చదివిన సరుకు ఒక చూయింగ్ గమ్ పొట్లం. ఇప్పుడు మన బిస్కట్ పొట్లం మీద ఆ గీతల కింద పదమూడు అంకెలుంటాయి. 890తో మొదలైతే ఆ నంబరును మన దేశపు సంస్థ జారీ చేసిందని అర్థం, సరుకు మన దేశంలోనే తయారైందని కాదు. ఈ రెంటినీ కలిపి పొరబడేవాళ్ళు చాలామంది ఉన్నారు. చివరి అంకె కాపలా కాసే అంకె. ఇంట్లో లెక్కలంటే సరదాపడే పిల్లలుంటే చేసి చూడమనండి. మొదటి పన్నెండు అంకెలనూ వరసగా ఒకదాన్ని ఒకటితో, తర్వాతి దాన్ని మూడుతో గుణిస్తూ పోయి, అన్నీ కూడితే వచ్చిన మొత్తం పై పదికి ఎంత తక్కువో అదే పదమూడో అంకె. ఎక్కడన్నా ఒక అంకె తప్పు కొడితే ఈ లెక్క కుదరదు, యంత్రం ఒప్పుకోదు. పొట్లంలో బరువు మారిస్తే కొత్త నంబరు తీసుకోవాలి. ఎంతో మంచి ఏర్పాటు.

అయితే బస్తాలో పోసి విడిగా అమ్మే పప్పుకు, చింతపండుకు, కూరగాయకు ఈ గీతలెవరు గీస్తారు? మన కిరాణాలో సగం ప్రాణం అక్కడే గదా. పన్నుల వారు ఇచ్చిన అంకెలు ఉన్నాయి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పటి నుంచి ప్రతి వర్తకుడికీ అవి పరిచయమే. దేశదేశాల కస్టమ్సు వారు 1988 నుంచి వాడుతున్న ఆరంకెల పద్ధతికి మనవాళ్ళు మరో రెండు చేర్చుకున్నారు. వేరుశనగది 1202. కాని ఉల్లిపాయకూ వెల్లుల్లికీ మొదటి నాలుగంకెలు ఒకటే, 0703. పన్ను వేసేవాడికి అవి ఒక కుటుంబం కావచ్చు. పులుసు పెట్టే ఇల్లాలికి కావు. వాళ్ళ అవసరానికి వాళ్ళు పెట్టుకున్న అంకెలవి. మన సరుకుల పట్టీకి అవి సాయం వస్తాయి తప్ప పట్టీ కాలేవు.

చివరకు మనుషులు కూర్చుని తేల్చుకోవలసిందే. అప్పుడు అసలు తగాదా బయటికి వచ్చింది. ఎవరి పేరు నిలవాలి?

హైదరాబాదు ఆఫీసులో కుర్రవాళ్ళు, పుస్తకాలలో ఉండే పేరు ఉంచి మిగతావి తీసేద్దాం అన్నారు. పుస్తకాలలో ఉండే పేరు అంటే వాస్తవంలో కోస్తా రెండు మూడు జిల్లాల పేరు. తీసేశారు కూడా. ఫలితం వెంటనే కనిపించింది. కర్నూలు వైపు ఒక దుకాణంలో కొత్తగా చేరిన అమ్మాయి, ఎవరో వచ్చి బుడ్డలు అడిగితే యంత్రంలో ఆ మాట కొట్టి చూసింది. లేదని వచ్చింది. లేదని చెప్పి పంపించేసింది. ఆమె కూర్చున్న కుర్చీ వెనకే రెండు బస్తాలున్నాయి! ఆమెది కర్నూలే, ఇంట్లో బుడ్డల పచ్చడి తినే పిల్లే. కాని యంత్రం లేదంటే తన మాట తప్పేమో అనుకుంది. సరుకు అమ్ముడుపోకపోవడం కంటె నాకు ఇదే ఎక్కువ బాధ కలిగించింది. బడిలో ఇది యాస, ఇది మోటు అని చెప్పి ఎన్ని తరాల పిల్లల నోళ్ళు నొక్కామో చాలదా? ఇప్పుడు కొట్లో గల్లాపెట్టె కూడా ఆ పని మొదలుపెట్టాలా?

ఇందుకు మందు మనవాళ్ళు ఎన్నడో కనిపెట్టారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వెలువరించారు. రైతుల నోటి నుంచి జిల్లా జిల్లాలో సేకరించిన మాటలవి. ఒక జిల్లా మాటను సింహాసనం ఎక్కించి మిగతావాటిని గెంటివేయలేదు. ఏ మాట ఏ ప్రాంతాలదో గుర్తు పెట్టి అన్నిటికీ చోటిచ్చారు. తర్వాత చేనేత వారి మాటలకు మరో సంపుటం వచ్చింది. మా వాడికి ఆ పుస్తకం తీసి చూపిస్తే కాసేపు తిరగేసి, "మావయ్యా, మేం చేయవలసిన పట్టీ ఇదే!" అన్నాడు. కంప్యూటర్లు లేని రోజులలో నాగలికీ కాడికీ చేసిన పని, వీళ్ళు పప్పుకూ ఉప్పుకూ చేయాలి.

అంచేత ఏర్పాటు ఇలా మారింది. సరుకుకు గుర్తు ఒక నంబరు. ఆ నంబరులో ఏ అర్థమూ ఇమిడి ఉండదు; ఏ జిల్లా వాసనా ఉండదు. దాని కింద గోరుచిక్కుడు, మటికాయ, గోకరకాయ, మూడూ ఉంటాయి. ఏ పేరు కొట్టినా అదే వరస తెరుచుకుంటుంది. బిల్లు మీద ఆ ఊరి పేరు పడుతుంది. కొనేటప్పుడు మాత్రం లెక్క ఒక్కచోటికే చేరుతుంది కనుక వెనిల్లా కథ జరగదు. కొలత విషయంలో ఇంత ఉదారత పనికిరాదు. నిల్వ కొలత ఒక్కటే ఉండాలి. డజనుకు, పెట్టెకు, కట్టకు అందులో ఎంతో పక్కన రాసి ఉండాలి. పాత నంబర్లను చెరిపివేయకుండా, ఏ పాతది ఏ కొత్తదైందో ఒక మార్పిడి పట్టిక ఉంచుకోవాలి. పాత బిల్లు పట్టుకుని సరుకు వాపసు ఇవ్వడానికి వచ్చేవాళ్ళుంటారు గదా. నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ రూపాయలు ఏడు, ఇంగ్లీషు రూపాయలు ఆరుకు సమానంగా లెక్కకట్టి, 1959 దాకా రెండూ నడిపించి, తర్వాతగదా పాతదాన్ని వదిలించారు.

మరి ఏ కాయ ఏదో తేల్చేదెవరు? ఇక్కడ నెస్లే వారి కథ మిగిలిన సగం పనికివస్తుంది. పేర్లన్నీ సరిచేసి, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు గాని, దానితో రోజూ కుస్తీపట్టవలసిన వాళ్ళను సలహాకు పిలవలేదు. సందేహాలు అడిగే టెలిఫోనుకు రోజుకు మూడు వందల పిలుపులు వచ్చాయి. ఎంత సరుకు కావలసివస్తుందో ముందుగా అంచనాకట్టే ఉద్యోగులలో నూటికి 77 మంది వంతున వెళ్ళిపోయారు. 2000 జూన్‌లో పని ఆపి, తప్పెక్కడుందో చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టవలసివచ్చింది.

మా వాడి సంస్థలో ముగ్గురు పాత గుమాస్తాలున్నారు. ఏ బస్తా ఏ మిల్లుదో వాసన చూసి చెప్పేవాళ్ళు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక వాళ్ళను సాగనంపాలని యజమానుల ఆలోచన. మా వాడు దానికి అడ్డుపడి, పట్టీ అయ్యేదాకా ఆ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ప్రతి వరసకూ వాళ్ళు సరే అంటే తప్ప కలపకూడదన్నాడు. పట్టీ అయ్యాక వాళ్ళ గతేమిటని నేనడిగాను. వాడు తలవంచుకున్నాడు. కొత్త సరుకు రాని నెల ఉండదు, ఎవరో ఒకరు అది పాతదో కొత్తదో తేల్చాలి, అది ముసలివాళ్ళకు జీతమిచ్చి చేయించుకోదగిన పనే, ఆ మాట యజమానులతో లెక్క కట్టి చెప్పు అన్నాను. ఇద్దరిని ఉంచుకోవడానికి ఒప్పుకున్నారట. మూడోవారి సంగతి నడుస్తున్నది.

ఆ మూడో ఆయనే వరంగల్లు వైపు నుంచి వచ్చినవారు, డెబ్బై దగ్గరపడినవారు. పట్టీ మొత్తం చూసి, పేర్లు బాగానే ఉన్నాయి బాబూ, మరి కొసరు ఏ ఖాతాలో రాయాలి అని అడిగారట. కిలో తూచాక పిల్లవాడి చేతిలో పోసే గుప్పెడు పుట్నాలకు పట్టీలో గడి లేదు. నెలాఖరుకు నిల్వలో ఆ మేరకు తరుగు పడుతుంది. యంత్రం దాన్ని దొంగతనం కింద చూపిస్తుంది. దీనికొక నంబరు ఇవ్వాలా, లేక కొసరు పెట్టడమే మానమనాలా అన్నది ఇంకా తేలలేదు.